హిస్టరీ డిగ్రీ రిక్వైర్‌మెంట్స్ షీట్‌ని కింద లైన్ నుంచి పైకి చదవండి

వచ్చిన ప్రశ్న ఇదీ. "సార్, బీఏ హిస్టరీలో ఇప్పుడే జాయినయ్యాను. డిపార్ట్‌మెంట్ వాళ్లు ఒక షీట్ చేతిలో పెట్టారు. రెండు సర్వే కోర్సులు (పొడవాటి కాలాన్ని పైపైన చుట్టేసేవి), మూడు వేర్వేరు ప్రాంతాల చరిత్ర, 1500కి ముందు కాలం మీద రెండు కోర్సులు, మెథడ్స్ (చరిత్ర రాసే పద్ధతులు) ఒకటి, పరాయి భాష రెండేళ్లు, ఆఖర్లో సెమినార్, థీసిస్. నాకు రెండో ప్రపంచ యుద్ధం తప్ప ఇంకేదీ ఎక్కదు. ఇవన్నీ ఎందుకు? ఏది ఎప్పుడు తీసుకోవాలి? మెథడ్స్, భాష చివరి ఏడాదికి తోసేస్తే కొంప మునుగుతుందా?"

మునుగుతుంది. ఎందుకో చెప్తా, కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టు.

ఇరవై ఏళ్లకి పైగా డిగ్రీ పిల్లలకి హిస్టరీ చెప్పాను, అందులో సగం కాలం అడ్వైజర్ కుర్చీలో కూడా కూర్చున్నా, అంటే ప్రతి టర్మ్ మొదట్లో ఇదే షీట్ పట్టుకొచ్చే వాళ్లతో మాట్లాడటం నా పని. దాదాపు అందరూ చేసేది ఒకటే, పై లైన్ దగ్గర మొదలుపెట్టి టిక్కులు పెట్టుకుంటూ వస్తారు, తేలికవి ముందు, భయమేసేవి తర్వాత. తీరా ఆఖరి ఏడాదికి వచ్చేసరికి మెథడ్స్, భాష, థీసిస్ మూడూ అలాగే మిగిలిపోయి ఉంటాయి. ఆ షీట్ పైనుంచి కిందకి టైప్ చేశారు కానీ దాన్ని తయారుచేసిన వాళ్లు కింద నుంచి ఆలోచించారు. ఆఖర్న ఒక మనిషి సొంతంగా పాత కాగితాలు చదివి, తన మాటగా ఒక వాదన రాయగలగాలి, అందుకు ముందు ఏమేం వచ్చుండాలి అని వెనక్కి లెక్కేసుకుంటూ పోతే తేలినవే పైన ఉన్న లైన్లన్నీ. కాబట్టి నువ్వు కూడా అలాగే చదువు.

ముందు అంకెల సంగతి గబగబా చెప్పేస్తా, ఎందుకంటే దీని దగ్గరే చాలామంది కంగారు పడతారు. యూరప్‌లో చాలా చోట్ల ఈసీటీఎస్ లెక్క, అంటే అక్కడి దేశాల ఉమ్మడి క్రెడిట్ పద్ధతి, ఏడాదికి 60 క్రెడిట్లు, మూడేళ్లకి 180, ఒక్కో క్రెడిట్‌కి 25 నుంచి 30 గంటల పని అని అర్థం. ఇంగ్లండ్‌లో అదే మూడేళ్లకి 360 క్రెడిట్లు, క్రెడిట్‌కి 10 గంటలు. అమెరికాలో నాలుగేళ్లకి 120 అటూఇటూ, కానీ అందులో హిస్టరీ కోర్సులు పది పన్నెండు దాకానే ఉంటాయి, మిగతాదంతా సైన్సు, లెక్కలు, రైటింగ్, ఇష్టమొచ్చిన ఎలెక్టివ్‌లు. ఇండియాలో ఇప్పటి విధానంలో మూడేళ్లకి కనీసం 120, నాలుగేళ్ల ఆనర్స్‌కి 160. అంకెలు వేరు, అస్థిపంజరం మాత్రం ఒకటే, ఎక్కడ చూసినా వెడల్పుగా మొదలై సన్నగా ముగుస్తుంది. ఒక్క విషయం గుర్తుపెట్టుకో, ఆ గంటలు క్లాసులో కూర్చునే గంటలు మాత్రమే కావు, చదివింది రాసింది అంతా కలిపి. హిస్టరీలో క్లాస్ గంటలు తక్కువ కనిపిస్తాయి కదా అని ఖాళీ ఉందనుకుని వేరే ఏదో నెత్తికెత్తుకున్న వాళ్లని చాలామందిని చూశా.

ఇక షీట్‌లో ఆఖరి లైన్, థీసిస్. కొన్నిచోట్ల డిసర్టేషన్ అంటారు, కొన్నిచోట్ల సెమినార్ పేపరే థీసిస్ లెక్కన చెల్లుతుంది. చాలా చోట్ల పది వేల పదాలు అటూఇటూ. పదాలు రాయడం కష్టం కాదు, నీకు యుద్ధం మీద ఇంట్రెస్ట్ ఉంది కాబట్టి పది వేలు కాదు ఇరవై వేలు రాస్తావు. కానీ గైడ్ అడిగే మొదటి ప్రశ్న "టాపిక్ ఏంటి" అని ఉండదు, "నీ సోర్సులు ఏంటి" అని ఉంటుంది. అంటే ఆ కాలం వాళ్లు రాసినవి, ఉత్తరాలు, కోర్టు రికార్డులు, డైరీలు, పత్రికలు, లెక్కల పుస్తకాలు. అవి ఎక్కడున్నాయి, నీ చేతికి అందుతాయా, అందితే నువ్వు చదవగలవా. ఈ మూడింటికీ జవాబు లేకపోతే అది టాపిక్ కిందకి రాదు, మంచి కోరిక అంతే.

ఇక్కడే భాష లైన్ ఎందుకుందో తెలుస్తుంది. నా దగ్గర ఒక అమ్మాయి ఉండేది, చాలా తెలివైంది, రెండో ఏడాది నుంచే తూర్పు ఫ్రంట్‌లో, అంటే జర్మనీ సోవియట్ యూనియన్‌తో తలపడిన వైపు, మామూలు జర్మన్ సైనికులు ఇంటికి రాసిన ఉత్తరాల మీద థీసిస్ చేస్తానని చెప్పేది. ఏ పుస్తకం పేరు చెప్పినా అప్పటికే చదివేసి ఉండేది. కానీ భాష మాత్రం ప్రతి టర్మూ వచ్చే టర్మ్‌కి వాయిదా. చివరికి ఆఖరి ఏడాదిలో జర్మన్ మొదలుపెట్టింది, థీసిస్ కూడా అదే ఏడాది. అక్టోబర్‌లో "నా పేరు ఫలానా, నేను విద్యార్థిని" దగ్గర ఉన్న మనిషి జనవరిలో పెన్సిల్‌తో గిలికిన సైనికుడి ఉత్తరం ఎలా చదవగలదు. పైగా ఆ రోజుల్లో చాలామంది జర్మన్లు చేత్తో రాసే లిపి ఇప్పటి అక్షరాల్లా ఉండదు, భాష వచ్చిన వాళ్లకే మొదట్లో ఒక్క ముక్క అర్థం కాదు. పాపం ఆఖరికి ఇంగ్లిష్‌లోకి అనువాదమైన కాసిని ఉత్తరాలతో సరిపెట్టుకుంది, పాసయింది, మార్కులూ బాగానే వచ్చాయి, కానీ తను రాయాలనుకున్నది రాయలేదు. తప్పు తనదొక్కదానిదే అనను. రెండో ఏడాదిలోనే గట్టిగా చెప్పాల్సింది నేను, చెప్పలేదు.

కాబట్టి నీ యుద్ధం పిచ్చి నిజమే అయితే భాష మొదటి టర్మ్‌లోనే మొదలుపెట్టు. ఏ భాష అనేది యుద్ధంలో నీకు ఏ ముక్క కావాలో దాన్ని బట్టి ఉంటుంది, జర్మనా, రష్యనా, జపనీసా, ఇటాలియనా. సులువుగా ఉంటుందనో ఫ్రెండ్ తీసుకున్నాడనో వేరేది తీసుకుంటే షీట్‌లో టిక్ పడుతుంది కానీ థీసిస్‌కి అక్కరకి రాదు. రెండేళ్లు అంటే పెద్ద పాండిత్యమేమీ రాదు, డిక్షనరీ పక్కన పెట్టుకుని గంటకి ఒక పేజీ లాగగలవు, డిగ్రీ థీసిస్‌కి అది చాలు.

భాష నా వల్ల కాదు అనుకుంటే దారి మూసుకుపోలేదు, కానీ అప్పుడు టాపిక్ సోర్సుల వెనకాల నడవాలి. ఉదాహరణకి యుద్ధం అయ్యాక నాజీ నాయకుల మీద జరిగిన న్యూరెంబర్గ్ విచారణ, 1945 నవంబర్ 20న మొదలై 1946 అక్టోబర్ 1న తీర్పుతో ముగిసింది. ఆ కోర్టులో జరిగిన మాటామంతీ, సాక్ష్యాలు, పత్రాలు కలిపి 42 సంపుటాలుగా అచ్చయ్యాయి, కోర్టులో అన్నది ఇంగ్లిష్‌లో మొత్తం దొరుకుతుంది, ఆన్‌లైన్‌లో కూడా. అందులో ఒక్క ముద్దాయిని పట్టుకుని, వాళ్ల లాయరు ఏ వాదన ఎప్పుడు మార్చాడో వరసగా చూసుకుంటూ పోయినా ఒక థీసిస్‌కి సరిపడా సరుకు ఉంటుంది. హా, పత్రాల్లో చాలావరకు జర్మన్‌లోనే ఉంటాయి, అక్కడ మళ్లీ చెయ్యి కాలుతుంది, అది వేరే సంగతి.

సెమినార్ లైన్ గురించి ఎక్కువ చెప్పను. పది పదిహేను మంది ఒక టేబుల్ చుట్టూ కూర్చుని ఒకరి పేపర్ ఒకరు చీల్చి చెండాడటం. ఈ పద్ధతి 1830ల్లో బెర్లిన్‌లో రాంకే అనే ప్రొఫెసర్ దగ్గర పేరు తెచ్చుకుంది, స్టూడెంట్స్‌ని తన ఇంట్లోనే కూర్చోబెట్టి మధ్యయుగాల పత్రాల్లో ఏది నమ్మొచ్చు ఏది నమ్మకూడదు అని వాదించుకోమనేవాడు. ఇప్పటికీ అదే జరుగుతోంది, కాకపోతే ఇప్పుడు సీట్లు తక్కువ, రిజిస్ట్రేషన్ ఓపెన్ అయిన పూటే నిండిపోతాయి, అలారం పెట్టుకో.

ఇప్పుడు మెథడ్స్. నువ్వు వాయిదా వేద్దామనుకుంటున్న కోర్సు ఇదే కదా. పేరు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, హిస్టారికల్ మెథడ్ అనో, హిస్టోరియన్స్ క్రాఫ్ట్ అనో, హిస్టోరియోగ్రఫీ అనో. పేరు వింటేనే నిద్రొస్తుంది, ఒప్పుకుంటా. లోపల ఏముంటుందో చూపిస్తా.

మొదటి వారం నేను పిల్లలకి రెండు ఉత్తరాలు ఇస్తాను, నేనే కల్పించినవి. ఒకటి పారిస్ నుంచి లండన్‌కి, తేదీ 1720 మార్చి 20. రెండోది దానికి లండన్ నుంచి వచ్చిన జవాబు, మొదటి లైన్‌లోనే "మీ ఉత్తరం అందింది" అని ఉంటుంది, తేదీ చూస్తే 1719 మార్చి 14. జవాబు ఉత్తరం కంటే ఏడాదీ, ఆరు రోజులూ ముందు! క్లాసులో సగం మంది వెంటనే ఫోర్జరీ అంటారు. కొందరు రాసినవాడు తప్పు రాశాడంటారు. నిజానికి రెండు తేదీలూ కరెక్టే. ఫ్రాన్స్ 1582లోనే కొత్త గ్రెగోరియన్ క్యాలెండర్‌కి మారిపోయింది, ఇంగ్లండ్ 1752 దాకా పాత జూలియన్ క్యాలెండర్‌నే పట్టుకుని వేలాడింది, 1720 నాటికి రెండింటికీ తేడా 11 రోజులు. అంటే లండన్‌లో మార్చి 14 అయినప్పుడు పారిస్‌లో మార్చి 25. మరి ఏడాది తేడా ఎక్కడిది? అప్పట్లో ఇంగ్లండ్‌లో అధికారికంగా కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, జనవరి 1న కాదు. కాబట్టి మార్చి 14న వాళ్లకి ఇంకా 1719 నడుస్తూనే ఉంది. లెక్క సరిచేస్తే పారిస్‌లో రాసిన ఐదు రోజులకి లండన్‌లో జవాబు రాశారు, గుర్రాలు, పడవల రోజుల్లో టపా బాగానే నడిచినట్టు.

ఈ చిన్న విషయం తెలియకుండా ఆఖరి ఏడాదిలో పాత ఉత్తరాల కట్ట విప్పితే ఏమవుతుందో ఆలోచించు. ఇది తేదీ ఒక్కదాని సంగతే. రాసిందెవరు, ఎవరికి, ఏం ఆశించి రాశారు, ఏం రాయకుండా వదిలేశారు, ఈ కాగితం ఇన్నేళ్లు ఎందుకు మిగిలింది, పక్కది ఎందుకు పోయింది, ఫుట్‌నోట్ ఎలా పెట్టాలి, ఇవన్నీ అక్కడే నేర్పుతారు. ఇది ముందు చదివిన వాళ్లకి మిగతా కోర్సుల్లో ప్రతి పేపరూ థీసిస్‌కి రిహార్సల్ అవుతుంది. ఆఖర్న చదివిన వాళ్లు "అయ్యో ఇది ముందే తెలిసుంటే" అంటారు, ప్రతి బ్యాచ్‌లోనూ నలుగురైదుగురు ఈ మాట అన్నారు నాతో. రెండో టర్మ్ లేదా మూడో టర్మ్, అంతకు మించి జరపకు.

ఇదే కోర్సులో ఇంకో సగం, ఒకే సంఘటన గురించి వేర్వేరు కాలాల్లో చరిత్రకారులు వేర్వేరుగా ఎందుకు రాశారు అనేది. నీ యుద్ధంలోంచే చెప్తా. జర్మన్ల రహస్య సంకేతాల్ని బ్రిటన్ వాళ్లు బ్లెచ్లీ పార్క్ అనే రహస్య కేంద్రంలో కూర్చుని పెద్ద ఎత్తున చదివేశారన్న సంగతి 1970ల దాకా మామూలు జనానికి తెలీదు, అక్కడ పనిచేసిన వేలమందీ నోరు మెదపలేదు. అంటే అంతకుముందు పాతికేళ్లకి పైగా అట్లాంటిక్‌లో సబ్‌మెరైన్ల పోరు మీద అచ్చయిన పుస్తకాలన్నిటిలో ఈ ముక్క దాదాపు లేదు. ఆ రచయితలు అబద్ధాలకోరులూ కాదు, బద్ధకస్తులూ కాదు, వాళ్లకి ఆ ఫైళ్లు దొరకలేదు అంతే. లైబ్రరీలో పుస్తకం తీయగానే ముందు అచ్చయిన ఏడాది చూడటం అనే అలవాటు మెథడ్స్ కోర్సే చేస్తుంది.

1500కి ముందు కాలం కోర్సులు అంటే నీకు చిరాకని అర్థమవుతోంది. నేనేమీ "పునాదులు తెలియాలి" లాంటి మాటలు చెప్పను. దీని ఉపయోగం వేరు. నీ యుద్ధం మీద కాగితాలు కుప్పలుతెప్పలు, ఒక మనిషి జీవితాంతం చదివినా అయిపోవు, కాబట్టి నచ్చినవి ఏరుకుని వాదన కట్టేయడం చాలా తేలిక. మధ్యయుగాల్లో అలా కుదరదు, ఉన్నదే నాలుగు కాగితాలు, ఒక్కోదాన్ని పిండి పిండి చదవాలి. 1086లో ఇంగ్లండ్‌లో విలియం రాజు చేయించిన భూముల సర్వే ఉంది, డూమ్స్‌డే బుక్ అంటారు. అందులో ఫలానా ఊళ్లో నాగళ్లు ఇన్ని, పిండిమరలు ఇన్ని, రైతులు ఇంతమంది అని ఉంటుంది. బాగానే ఉంది, మరి అప్పటి జనాభా ఎంత? కూడేస్తే సరిపోదు, ఎందుకంటే లెక్కలో ఉన్నది చాలావరకు ఇంటి పెద్దలే, ఆడవాళ్లు పిల్లలు లేరు. ఇంటికి నలుగురనుకోవాలా ఐదుగురనుకోవాలా అన్నదాన్ని బట్టి దేశం జనాభా లక్షల్లో మారిపోతుంది. లండన్ అసలు ఆ సర్వేలోనే లేదు. ఇలాంటి పట్టికతో ఒక టర్మ్ కుస్తీ పట్టిన వాడికి తర్వాత యుద్ధంలో చనిపోయిన వాళ్ల సంఖ్య ఏ టేబుల్‌లో కనిపించినా ముందు వచ్చే ప్రశ్న, ఇందులో ఎవర్ని లెక్కపెట్టారు, ఎవర్ని వదిలేశారు అని. నువ్వు చదవబోయే విషయానికి ఇంతకంటే పనికొచ్చేది ఇంకోటి లేదు, నన్నడిగితే.

మూడు ప్రాంతాల లైన్‌లో మాత్రం నీ ఇష్టానికి చోటుంది, తెలివిగా వాడుకో. నీ యుద్ధం ఒక్క యూరప్‌లోనే జరగలేదు, చైనా, జపాన్‌ల మధ్య 1937లోనే మొదలైంది, ఉత్తర ఆఫ్రికాలో ట్యాంకులు తిరిగాయి, బర్మాలో జరిగింది, వలస దేశాల నుంచి లక్షల మంది సైనికులు వెళ్లారు. తూర్పు ఆసియా మీద ఒక కోర్సు, ఆఫ్రికా మీద ఒకటి, దక్షిణాసియా మీద ఒకటి తీసుకుంటే లైన్ పూర్తవుతుంది, నీ యుద్ధం మూడు వైపుల నుంచి కనిపిస్తుంది. టిక్కు కోసం ఏదో ఒకటి తీసుకోవడం కంటే ఇది నయం కదా.

సర్వే కోర్సుల గురించి మరీ అంత ఆలోచించకు. మొదటి ఏడాదిలో రెండూ అయిపోగొట్టు. ఐదొందల ఏళ్లు పద్నాలుగు వారాల్లో పరిగెత్తిస్తారు, పరీక్షలో కొంచెం బట్టీ కూడా తప్పదు. అక్కడ నువ్వు చేయాల్సిందల్లా ఏ టాపిక్ దగ్గర నిద్ర రాలేదో నోట్‌బుక్ చివరి పేజీలో రాసి పెట్టుకోవడం, అంతే. రెండో ప్రపంచ యుద్ధం అని వచ్చి ఆఖరికి పద్నాలుగో శతాబ్దపు ప్లేగు మీద థీసిస్ రాసిన వాళ్లు నాకు తెలుసు.

ఇప్పుడు షీట్‌లో కనిపించని రూల్స్ కొన్ని, ఇవి హ్యాండ్‌బుక్‌లో చిన్న అక్షరాల్లో ఉంటాయి, ఎవరూ చదవరు. ఒకే కోర్సు రెండు లైన్లకి చెల్లుతుందా అన్నది ముందే కనుక్కో, మధ్యయుగాల చైనా మీద కోర్సు తీసుకుంటే అది ప్రాంతం లైన్‌కీ, 1500కి ముందు లైన్‌కీ రెండింటికీ పనికిరావచ్చు, కొన్నిచోట్ల ఒప్పుకుంటారు, కొన్నిచోట్ల ఒకటే ఎంచుకో అంటారు. చాలా చోట్ల నువ్వు చేరిన ఏడాది రూల్సే నీకు చివరిదాకా వర్తిస్తాయి, మధ్యలో మార్చినా సరే, కాబట్టి ఆ ఏడాది హ్యాండ్‌బుక్ పీడీఎఫ్ ఇప్పుడే డౌన్‌లోడ్ చేసి పెట్టుకో, రెండేళ్ల తర్వాత వెబ్‌సైట్‌లో అది ఉండకపోవచ్చు. పై స్థాయి కోర్సులు ప్రతి ఏడాదీ ఉండవు, చెప్పే ప్రొఫెసర్ సెలవు మీద వెళ్తే రెండేళ్లు ఆగిపోతాయి, అందుకే నీకు తప్పనిసరిగా కావాల్సిన కోర్సు కనిపిస్తే "తర్వాత చూద్దాం" అనొద్దు. ప్రీరెక్విజిట్‌లు, అంటే ఒక కోర్సుకి ముందు పాసయి ఉండాల్సిన కోర్సులు, కూడా చూసుకో, సెమినార్‌కి మెథడ్స్ పాసయి ఉండాలని చాలా చోట్ల రూల్, నీ ప్రశ్నకి నిజానికి ఈ ఒక్క లైన్‌తోనే జవాబు అయిపోయేది. ఏదైనా మినహాయింపు ఇస్తామని నోటిమాటగా చెప్తే సంతోషించి ఊరుకోకు, ఈమెయిల్‌లో రాయించుకో. చెప్పిన మనిషి మారిపోయి, గ్రాడ్యుయేషన్‌కి నెల ముందు ఒక కోర్సు తక్కువైందని తెలిసి ఏడుస్తూ వచ్చిన కుర్రాడు నాకింకా గుర్తే.

చదువు బరువు ఒకటి. ఒక్కో పై స్థాయి హిస్టరీ కోర్సుకి నేను వారానికి వంద పేజీలకి తక్కువ ఇచ్చిందే లేదు, నా తోటివాళ్లూ అంతే. అలాంటివి ఒకే టర్మ్‌లో నాలుగు పెట్టుకుంటే నాలుగొందల పేజీలు, మధ్యలో పేపర్లు. రెండు చాలు, మూడోది మరీ కావాలంటే. మిగతా చోట భాష పెట్టుకో, స్టాటిస్టిక్స్ లాంటిది పెట్టుకో. స్టాటిస్టిక్స్ అంటే నవ్వకు, పైన జనాభా లెక్క చెప్పాను చూడు, అలాంటి చోట హిస్టరీ వాళ్లు ఎక్కువమంది తెల్లమొహం వేస్తారు, నువ్వు వేయవు.

మొత్తానికి నీ మొదటి ఏడాది ఇలా ఉంటే బాగుంటుందని నా ఉద్దేశం. మొదటి టర్మ్‌లో ఒక సర్వే, జర్మనో రష్యనో ఒక భాష, మిగతావి డిపార్ట్‌మెంట్ బయటి తప్పనిసరి కోర్సులు. రెండో టర్మ్‌లో రెండో సర్వే, అదే భాష రెండో మెట్టు, సీటు దొరికితే మెథడ్స్, దొరక్కపోతే మధ్యయుగాలది ఒకటి. భాషలో మధ్యలో ఒక టర్మ్ గ్యాప్ ఇస్తే నేర్చుకున్నదంతా ఆవిరైపోతుంది, ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వొద్దు. ఈ వారం మాత్రం ఒక పని చెయ్, డిపార్ట్‌మెంట్‌లో ఇరవయ్యో శతాబ్దం చెప్పే వాళ్లెవరో చూసుకుని, వాళ్ల ఆఫీస్ అవర్స్‌లో, అంటే స్టూడెంట్స్‌ని కలవడానికి పెట్టుకున్న టైమ్‌లో, వెళ్లి, పోయిన ఏడాది మంచి థీసిస్‌లు ఒకటి రెండు చూడొచ్చా అని అడుగు. చాలా డిపార్ట్‌మెంట్లలో దాచి ఉంచుతారు, అడిగితే చూపిస్తారు. చూసినప్పుడు మధ్యలో ఉన్న వాదన తర్వాత చదువుకోవచ్చు, ముందు చివరికి వెళ్లి వాళ్లు ఏ సోర్సులు వాడారో, ఏ భాషలో ఉన్నాయో చూడు. భాష ఏదో తేల్చుకోలేక మళ్లీ అడిగేటప్పుడు, ఆ లిస్ట్‌లో ఏం కనిపించిందో కూడా రాయి, అప్పుడు ఇంకాస్త వివరంగా చెప్తా.